పలాస పొగలో పోవుచున్న సొమ్ము

పలాస–కాశీబుగ్గ జంటపట్టణమున జీడి కర్మాగారముల పొగగొట్టములనుండి లేచు పొగకు ఒక విలక్షణమైన ఘాటు కలదు. దానికి కన్ను మండును, గొంతు పట్టును. పొరుగూరివారు రైలు దిగినవెంటనే ముక్కునకు రుమాలు అడ్డుపెట్టుకొందురు గాని, ఊరివారు అలవాటుపడి దానిని గమనించుటయే మానివేసినారు. ఆ ఘాటు కట్టెలది కాదు, బొగ్గుది కాదు. పప్పు తీసివేసిన పిక్కతొక్కలను బాయిలరు క్రింద వంటచెరకుగా వేయుచుండుటవలన, ఆ తొక్క నడిమిపొరలో నిలిచియున్న నల్లని నూనె కాలి గాలిలో కలియుచున్నది. ప్రపంచమందలి ప్లాస్టిక్కు, రబ్బరు, రంగుల పరిశ్రమలు ధనమిచ్చి కొని, శుద్ధిచేసికొని, తమ వస్తువులలో మెలకువగా కలుపుకొను ద్రవ్యమునకు అదియే ముడిసరకు. దానిని మనము పొగగా మార్చి పీల్చుచున్నాము. శ్రీకాకుళము జిల్లాకు పరిశ్రమలు రావలెనని సభలలో పలుకు పెద్దలు, ఇదివరకే వచ్చి మన బాయిలరులలో కాలిపోవుచున్న ఈ పరిశ్రమను గూర్చి ఒక మాటయైనను పలుకకుండుట నాకు వింతగా నున్నది.

ఆ నూనె విలువ తెలియవలెనన్న, ప్లాస్టిక్కు అనబడు వస్తువు నిజముగా ఎట్లు తయారగునో ముందుగా కొంత విచారింపవలసియున్నది. మనము ఒక్క మాటతో పిలుచు ఆ వస్తువు ఏనాడును ఏకపదార్థము కాదు. పెట్రోలియమునుండి పుట్టిన మూలద్రవ్యము, అనగా వ్యాపారులు దానా అని పిలుచు గుళికలు, తనంత తానుగా ఏ పనికిని చాలదు. ఎండకు పగులకుండుటకు ఒకటి, యంత్రములోని వేడికి మాడకుండుటకు మరొకటి, నిప్పంటుకొనకుండుటకు ఇంకొకటి, మెత్తదనమునకు వేరొకటి, రంగునకును చౌకదనమునకును మరికొన్ని చేర్చినగాని అది బిందెయో, గొట్టమో, చెప్పో కాజాలదు. చౌకదనమునకు చేర్చునది చాలవరకు సున్నపురాతి పొడియే. పలాస, సోంపేటల చుట్టునున్న ఉద్దానపు తోటలలోని డ్రిప్ గొట్టములు నల్లగా నుండుట అందమునకు కాదు. ఆ నలుపు కర్బనపు మసి. నూటికి రెండుపాళ్లు కలిపినను అది ఎండలోని అతినీలలోహిత కిరణములను తానే మ్రింగి గొట్టమునకు ఏండ్లకొలది ఆయువు పోయుచున్నది. కలుపవలసినదానిని చాలీచాలక కలిపి అమ్మిన నీలిరంగు తాడు బారువ తీరమున పడవకు కట్టినచో, కొలదికాలమునకే పెళుసెక్కి పొడిరాలుచు చేతికి అంటుకొనును. తాడు తెగినప్పుడు జాలరి తిట్టునది ప్లాస్టిక్కును. తిట్టవలసినది అందు లోపించిన పిడికెడు ద్రవ్యమును, ఆ పిడికెడును మిగుల్చుకొన్న వానిని.

మెత్తదనము సంగతి మరింత ఆసక్తికరమైనది. పి.వి.సి. స్వభావముచేత బిరుసైనది. దానిని కరెంటుతీగ తొడుగుగాను, బొమ్మగాను, రక్తపు సంచిగాను మెత్తబరచునది నూనెవంటి ఒక ద్రవము. బజారులో దానిని డి.ఓ.పి. అందురు, థాలేట్లు అను రసాయన కుటుంబమునకు చెందినది. చిక్కుపడిన జడపాయల నడుమ ఆముదము చేరి వెండ్రుకలను ఒకదానిపై నొకటి జారనిచ్చినట్లు, ఈ ద్రవము ప్లాస్టిక్కు అణుశృంఖలముల నడుమ చేరి వానిని కదలనిచ్చును. మెత్తని పి.వి.సి. బరువులో మూడవవంతు ఇదియే యుండుట అరుదు కాదు. అయితే ఇది ఆ శృంఖలములతో రాసాయనికముగా బంధింపబడలేదు. నడుమ చేరియుండునదే గాని అతుకుకొని యుండునది కాదు. కనుక వేడికి, కొవ్వునకు, కాలమునకు లొంగి మెల్లమెల్లగా వెలికి వచ్చును. పాతబడిన టేబిలుగుడ్డ జిగటలో ఈ వలసకును పాలు కలదు. పసిబిడ్డలు బొమ్మలను నోట పెట్టుకొందురు గనుక ఐరోపాలో 1999 డిసెంబరున తాత్కాలికముగాను, 2005 నాటి శాసనముతో శాశ్వతముగాను ఆరు థాలేట్లకు ఆటబొమ్మలలో కట్టడి విధించిరి. మనదేశమున 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి యైనది. జాతరలో గంపనుండి తీసి ఇచ్చు బొమ్మపై ఆ ముద్ర ఉన్నదా యని మాత్రము మనలో ఎవరును తిప్పిచూడరు.

సోంపేట వారికి ఈ విషయము బొమ్మలకంటెను దగ్గరిది. ఉద్దానమును దశాబ్దములుగా పీడించుచున్న మూత్రపిండవ్యాధివలన సోంపేట, పలాస ఆసుపత్రులలో డయాలసిస్ మంచములు ఖాళీలేక నడచుచున్నవి. రోగి చేతినుండి యంత్రమునకును, యంత్రమునుండి మరల చేతికిని రక్తమును మోయు ఆ పారదర్శకమైన గొట్టము, వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు సుమారు నాలుగు గంటలు, ఆ మనుష్యుని రక్తమంతటిని పదేపదే స్పృశించుచుండునది, సామాన్యముగా మెత్తని పి.వి.సి.యే. అందుండి థాలేట్ కొంత రక్తములోనికి దిగుననుట వైద్యశాస్త్రము 1970వ దశకమునుండియు ఎరిగిన సంగతి. ఇది చదివి ఎవరును డయాలసిస్‌కు వెరవరాదు. వేళకు పోక మానినవానికి కలుగు ప్రమాదము ముందు గొట్టమందలి ద్రవ్యము వలని ప్రమాదము లెక్కకు రాదు. అదిగాక, ఈ ద్రవ్యమే రక్తపు సంచులలో ఎర్రకణములు త్వరగా చితికిపోకుండ కాపాడుచున్నదనియు తేలినది. విజ్ఞానశాస్త్రము మనము కోరినంత సులువుగా దేవతలను, రాక్షసులను వేరుచేసి చూపదు. ఉద్దానపు వ్యాధికి ఇదమిత్థమని కారణము తేలలేదు. ప్లాస్టిక్కు కారణమని నేను అనుటలేదు, అనుటకు ఆధారమును లేదు. నేననునది ఒక్కటే: ఆ థాలేట్ లేని గొట్టములు లోకమున తయారగుచున్నవి, ఇందరు రోగులున్న ప్రాంతమునకు సరకు కొనునపుడు టెండరు కాగితమున అందుకొక పంక్తి చేర్చుమని అడుగుటలో అత్యాశ యేమియు లేదు.

ఇంటి కుళాయి గొట్టమునకు మెత్తబరచు ద్రవము అక్కరలేదు గాని, యంత్రమున కరగించునపుడు అది మాడి ఆమ్లము వెలిగ్రక్కకుండ ఒక స్థిరకారి కావలెను. చిరకాలము మనదేశమున ఆ పనిని సీసపు లవణములు నిర్వహించినవి. అవి చౌక, పైగా నమ్మకముగా పనిచేయును. జాతీయ హరిత న్యాయస్థానమున వ్యాజ్యము నడచిన పిదప, పి.వి.సి. గొట్టములనుండి సీసమును తొలగించు నియమములను కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2021లో ప్రకటించినది. 2023 డిసెంబరు 14న, హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకము ప్రారంభింపబడినది. కోట్లు వెచ్చించి అంతదూరము తెచ్చిన నీరు, చివరి పదిగజములు ఇంటివారు బజారున బేరమాడి కొన్న గొట్టములోనే గదా పారవలసినది! ఆ గొట్టముపై ఏ ముద్ర యున్నదో, అది నియమములకు ముందు చేసినదో పిదప చేసినదో చూచుకొనుమని గ్రామములలో చెప్పు నాథుడు లేడు. చెప్పుటకు పెద్ద ఖర్చును లేదు.

కలిపినది కీడు చేయుట ఒకయెత్తు. కలుపవలసినది కలుపకపోవుట మరొకయెత్తు. ఉత్తరాంధ్ర దీనిని మరువజాలని రీతిని నేర్చుకొన్నది. విశాఖపట్టణమున ఆర్.ఆర్. వెంకటాపురము చెంత, 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అను పేరుతో వెలసి, 1997లో కొరియా కంపెనీ చేతికి వచ్చి ఎల్.జి. పాలిమర్స్ యైన కర్మాగారమునుండి, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించిరి. స్టైరీన్‌కు తనంత తానే గడ్డకట్టి ప్లాస్టిక్కుగా మారజూచు గుణము కలదు. మారుచున్నకొలది వేడి పుట్టును, వేడి పుట్టినకొలది మరింత వేగముగా మారును. దానిని ఆపుటకు టెర్షియరీ బ్యూటైల్ క్యాటకాల్ అను నిరోధకమును పదిలక్షల పాళ్లకు పదో పదునైదో పాళ్లు కలిపి, తొట్టిని చల్లగా నుంచవలెను. లాక్‌డౌన్ దినములలో కదలిక లేక నిలిచియున్న తొట్టిలో వేడి పెరిగినది, నిరోధకము చాలలేదు, మరల కలుపుటకు చేతిలో లేదు. ప్రమాదము జరిగిన పిదప దానిని గుజరాత్‌లోని వాపినుండి విమానమున తెప్పింపవలసివచ్చెను. పదిలక్షలలో పదిపాళ్లు! ప్లాస్టిక్కులో కలుపు ద్రవ్యములు పరిమాణమున అల్పములగుటచేత విచారణార్హములు కావని యనుకొనువారు ఆ యుదయమును స్మరింతురుగాక.

ఇక జీడితొక్క. జీడిమామిడి మనది కాదు; బ్రెజిల్‌నుండి పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున పడమటి తీరమునకు తెచ్చిన చెట్టు. కాని దాని బంధువులు మనకు పరిచితులే. చాకలివారు బట్టలపై చెరగని గుర్తు పెట్టుటకు వాడిన నల్లజీడి, అనగా ఆయుర్వేదమువారి భల్లాతకి, మన మామిడి, ఈ జీడిమామిడి ఒక్క కుటుంబమువే. మామిడికాయ ముచ్చిక త్రుంచినపుడు పెదవిపై పడి పుండుచేయు సొనకును, నల్లజీడి రసమునకును, పిక్కతొక్కలోని నూనెకును రసాయనస్వభావమున దగ్గరి చుట్టరికము కలదు. తొక్క బరువులో అయిదవవంతునకు మించి నూనె యుండును. పచ్చి నూనెలో ఎక్కువపాలు అనకార్డిక్ ఆమ్లము. కాచినచో అందుండి బొగ్గుపులుసు వాయువు విడిపోయి కార్డనాల్ అను ద్రవ్యము మిగులును. దీని అణువు నిర్మాణము ముచ్చటైనది. ఒక కొసన ఫినాల్ వలయము, రెండవ కొసన పదునైదు కర్బనముల పొడవైన తోక. వలయము ఫార్మాల్డిహైడ్‌తో కలిసి గట్టి రెజిన్‌గా బిగియుటకు పనికివచ్చును; తోక నూనెయై ఆ గట్టిదనమునకు సాగుడును, నీటికి తడియని గుణమును ఇచ్చును. పెట్రోలియమునుండి ఈ రెంటిని వేరువేరుగా తీసి అతికించుటకు కర్మాగారములు ఎంతయో శ్రమపడవలెను. అట్లు అతికించిన నోనైల్‌ఫినాల్ వంటి ద్రవ్యములు జలచరముల హార్మోనులను కలతపెట్టునని తెలిసి ఐరోపా వానిని కట్టడి చేసినపిమ్మట, వాని స్థానమును పూరింపగలవానిలో కార్డనాల్ పేరు తరచుగా వినవచ్చుచున్నది.

ఇది నేటి మాట కాదు. 1920, 30 దశకములలోనే అమెరికాలోని న్యూజెర్సీ ప్రాంతమున మార్టిమర్ హార్వే అను రసాయనజ్ఞుడు ఈ నూనెనుండి రెజిన్‌లు, వార్నిష్‌లు చేయు పద్ధతులకు పేటెంటులు పొందెను. బ్రేకు లైనింగులలో కలుపు పొడి అందుండి పుట్టినదే. రాపిడి వేడికి అది కరగి జారిపోదు, కీచుమనదు. కోల్‌కతా–చెన్నై రహదారిపై పలాస ప్రక్కనుండి పోవు లారీ డ్రైవరు బ్రేకు తొక్కినపుడు, ఏ దేశపు తొక్కల నూనెయో ఆ చక్రమును పట్టి ఆపుచున్నదన్నమాట. తిరువనంతపురములోని ప్రాంతీయ పరిశోధనశాలవారు కార్డనాల్‌కు భాస్వరము చేర్చి, రబ్బరునకును ప్లాస్టిక్కునకును ఏకకాలమున మెత్తదనమును, అగ్నినిరోధమును ఇచ్చు ద్రవ్యములను రూపొందించిరి. కార్డనాల్ అసిటేట్ మొదలగు రూపములు పి.వి.సి.లో డి.ఓ.పి.కి బదులు కొంతపాలు వాడదగునని పరిశోధనలు చూపినవి. పూర్తిగా దాని స్థానమును ఆక్రమించునని నేను ప్రగల్భములు పలుకను. రంగు ముదురుట, ధర, ఏకరీతి నాణ్యత యను చిక్కులు ఇంకను కలవు. ఓడల అడుగులకు పూయు ఎపాక్సీ రంగులలో మాత్రము దీనికి స్థిరమైన స్థానము కలదు: కార్డనాల్‌నుండి చేసిన గట్టిపరచు ద్రవ్యము చలిలోను, తడి ఇనుముపైనను ఆరును. సంతబొమ్మాళి మండలమున 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట రేవునకు రేపు వేలటన్నుల ఇనుము దిగినపుడు, ఆ ఇనుమును ఉప్పుగాలినుండి కాచు రంగు ఏ యూరిలో తయారై వచ్చునో ఎవరైనను ఆలోచించినారా?

లెక్క చూడుడు. జీడిపిక్కల బస్తా మన ప్రాంతమున 80 కిలోలు. అందుండి వచ్చు పప్పు ఇరువదికిలోలు, మంచి పిక్కయైన రెండుమూడు కిలోలు అదనము. తొక్క యాబదికిలోలకు పైమాటే. ఆ తొక్కను గానుగయంత్రమున పిండినచో పదికిలోల నూనె దిగును. పిండగా మిగిలిన పిప్పి బాయిలరునకు యథాప్రకారముగా పనికివచ్చును, పైగా దాని పొగ అంత ఘాటుగా నుండదు. అనగా నూనె తీసికొనుటచేత వంటచెరకునకు పెద్దలోటు రాదు. ఊరి గాలియు కొంత తేలికపడును. పలాస ప్రాంతమున చిన్న పెద్ద జీడి కర్మాగారములు రెండువందలకు పైబడి కలవు. ఇక్కడి పంట చాలక ఆఫ్రికా పిక్కలను గూడ తెప్పించుకొనుచున్నవి. తొక్కనుండి నూనె పిండు మిల్లులు లేకపోలేదు. కాని అవి పిండునది ముడినూనె. దానిని శూన్యపీడనమున రెండువందల డిగ్రీలకు పైగా కాచి బట్టీపట్టి కార్డనాల్‌గా వేరుపరచుట, దానినుండి రెజిన్‌లను, గట్టిపరచు ద్రవ్యములను చేయుట అనునవి మంగళూరు వంటి చోట్ల జరుగుచున్నవి. విలువ పెరుగునది ఆ మెట్లమీదనే. మనము మొదటిమెట్టుపై నిలిచి, సరకును లారీకెత్తి చేతులు దులుపుకొనుచున్నాము.

చేతులన్నమాట వచ్చినది గనుక ఆ చేతులను గూర్చి చెప్పక ముందుకు సాగుట న్యాయము కాదు. కటింగు షెడ్డులో వరుసగా కూర్చున్న స్త్రీలు, ఉడికి ఆరిన పిక్కను కత్తియంత్రము నోట నిలిపి, కాలితో మీట తొక్కి, తొక్కను రెండుగా చీల్చి, సూదిమొనతో పప్పును పగులకుండ వెలికిలాగుదురు. పప్పు గుండుగా వచ్చిన ఒక ధర, బద్దయైన వేరొక ధర. కనుక చూపంతయు పప్పుమీదనే. నూనె చిమ్మి వ్రేళ్లపై పడును. పనికి ముందు ఆముదము రాసికొందురు, బూడిద అద్దుకొందురు. ఐనను వ్రేలికొసలు నల్లబడి, చర్మము పొరలుపొరలుగా లేచి, గోటిచుట్టు పుండ్లు పడును. చేతితొడుగు ఇచ్చినను తీసివేయుదురేమని అడిగినచో సమాధానము సిద్ధము: కూలి కిలోకు లెక్క, తొడుగుతో పిక్క చేతికి ఆనదు. ఆ సమాధానమున తప్పు పట్టుటకు మనకు నోరు లేదు. తప్పు కూలి లెక్కించు పద్ధతియందున్నది. అన్నము కలుపుకొనుటకు చెంచా వెదకుకొను చేతులవి. ఈ నూనెను ప్రకృతిసిద్ధము గనుక నిరపాయమని ప్రచారము చేయు వర్తకుడు ఎవడైన వచ్చినచో, వానిని ముందుగా ఆ షెడ్డులో ఒక పూట కూర్చుండబెట్టవలెను. చెట్టున పుట్టినంతమాత్రమున ఏ రసాయనమును సాధువు కాదు. కార్డనాల్‌గా మారినపిదప దాని తీక్ష్ణత తగ్గునన్నది నిజము; కాని నూనె పిండుచోట, కాచుచోట, పీపాలకు పట్టుచోట మనుష్యుల చర్మమును, ఊపిరిని కాపాడు ఏర్పాటు లేనిదే ఆ పరిశ్రమకు అనుమతి ఉండరాదు.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును, న్యాయమైన ఆక్షేపణ. రసాయన కర్మాగారము అన్న మాట ఎత్తుటకు ఈ తీరమున నీకు ధైర్యమెట్లు కలిగినది అని అడుగువారు కలరు. 2010 జూలై 14న సోంపేట బీలలో, అనగా చిత్తడినేలలో, విద్యుత్కేంద్రము వలదన్న రైతులపైనను జాలరులపైనను కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి; అదే దినమున జాతీయ పర్యావరణ అపీలు ప్రాధికారసంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసినది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర అను చిత్తడినేలలో అదే దుర్ఘటన పునరావృతమైనది. ఎండకాలమందును నీరు చెమ్మగిల్లు బీల నేలను పనికిరాని భూమిగా కాగితముపై చూపినవారిని ఈ ప్రజలు నమ్మలేదు; వారి పక్షముననే న్యాయము తేలినది. ఆ సోంపేట వారిని నేడు మరల నమ్ముమని చెప్పుటకు నేను వ్రాయుటలేదు. వారు ఆనాడు ప్రశ్నించినట్లే ఈనాడును ప్రశ్నింపవలెనని వ్రాయుచున్నాను. బీలను పూడ్చి నిలుపు బొగ్గు కేంద్రమునకును, ఇదివరకే ఊరిలో కాలుచున్న తొక్కలోని నూనెను తీసి శుద్ధిచేయు చిన్న కర్మాగారమునకును భేదము కలదు. మొదటిది ఈ నేలకు సంబంధింపని ముడిసరకును ఎక్కడినుండియో తెచ్చి ఈ నేలను అడుగును. రెండవది ఈ నేల పంటనుండి పుట్టి, చిత్తడినేలను గాని తోటను గాని కోరక, పారిశ్రామికవాడలో కొలది యెకరములందు ఇముడును. ఫార్మాల్డిహైడ్ వాడు రెజిన్ తయారీని మొదటనే నెత్తికెత్తుకొనవలసిన పనిలేదు. పిండుట, కాచుట, బట్టీపట్టుట వరకు సాగి, అది నేర్చినపిమ్మట ముందడుగు వేయవచ్చును. కడిగిన నీరు ఎచటికి పోవును, అడుగున మిగిలిన తారువంటి మడ్డిని ఏమిచేయుదురు, పొగగొట్టపు కొలతలు ఎవరు చూతురు అను మూడు ప్రశ్నలకు తెలుగున అచ్చువేసిన సమాధానము, కర్మాగారపు గోడకు అంటించియుండవలెను. వెంకటాపురము వారికి తమ ప్రక్క తొట్టిలో ఏమి నిలువయున్నదో, అందు ఏమి కలుపవలెనో ముందు తెలిసియుండలేదు.

ప్రభుత్వము చేయవలసినది గొప్ప పథకమేమియు కాదు. ఒక్కొక్క చిన్న కర్మాగారము తనకు తానుగా బట్టీయంత్రము పెట్టుకొనజాలదు. రెండువందల గొట్టములనుండి పొగ రాజేయుటకు బదులు, తొక్కను ఒకచోట చేర్చి పిండు ఉమ్మడి కేంద్రమును యజమానుల సంఘమును, రైతుల సంఘములను భాగస్వాములుగా చేసి నెలకొల్పవచ్చును. తిరువనంతపురపు పరిశోధనలు, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అనుభవము ప్రజాధనముతో సమకూరినవే, అడిగితెచ్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. జిల్లా కళాశాలలలో రసాయనశాస్త్రము చదివి, హైదరాబాదు శివారులలోని మందుల కంపెనీలలో రాత్రి షిఫ్టులు చేయుచున్న ఉద్దానపు యువకులకు ఇంటికి చేరువగా చేయదగిన పని ఇది. వారే రేపు ఆ గోడమీది సమాధానములను చదివి తప్పొప్పులు చెప్పగలవారు.

ఇందులో రైతు భాగమెంత? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంతనే తీరము దాటి, ఉద్దానపు జీడి, కొబ్బరి తోటలను వేళ్లతో పెకలించి పోయినది. తిరిగి నాటిన జీడిమొక్క సరియైన కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టినది. పిమ్మట ధర పడిపోగా, 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు గిట్టుబాటుగా ఇమ్మని రైతులు రోడ్డెక్కిరి. వ్యాపారి చెప్పు లెక్క ఎప్పుడును ఒక్కటే: బస్తాకు ఇంత పప్పు దిగును, అందు గుండు ఇంత, బద్ద ఇంత, విదేశపు ధర ఇంత, కనుక నీకు ఇంత. ఆ లెక్కలో తొక్కకు స్థానము లేదు. తొక్క కర్మాగారపు యజమానికి వంటచెరకు ఖర్చు తప్పించినను, నూనెమిల్లునకు అమ్మి సొమ్ము తెచ్చినను, అది బేరము ముగిసినపిదప అతని గల్లాపెట్టెకు చేరు సంగతియే. చెరకునకు ధర కట్టునపుడు మొలాసిస్‌ను, పిప్పిని గూర్చి మాటాడు దేశమున, జీడిపిక్కకు ధర కట్టునపుడు పప్పునకు రెట్టింపు బరువుగల తొక్కను గూర్చి మాటాడకపోవుట యే నీతి? మార్చిలో పిక్కలు రాలుట మొదలైనపుడు అధికారులు రైతులను, వర్తకులను ఎదురెదురుగా కూర్చుండబెట్టి బేరము కుదుర్చు ప్రయత్నము చేయుదురు. ఈసారి ఆ సమావేశమున, కడచిన ఏడు తొక్క టన్ను ఏ ధరకు ఎవరికి అమ్ముడుపోయినదో తెలుపు కాగితమును బల్లమీద పెట్టిన పిమ్మటనే బస్తా మాట ఎత్తవలెనని రైతు ప్రతినిధులు పట్టుపట్టుదురుగాక.